‘రేపటి నుండి రావద్దు’ అన్నంత మాత్రాన వేతనం ఆగదు
నోటీసు కాలంలో ఉద్యోగుల హక్కులపై ప్రత్యేక వ్యాసం

పాలంపేట (ములుగు జిల్లా): ‘రేపటి నుండి పనికి రావద్దు’ అని యాజమాన్యం చెప్పే మాటకు చట్టంలో ఒకే అర్థం లేదు. ఆ మాట ఏ సందర్భంలో చెప్పబడిందన్న దానిపై ఉద్యోగికి పూర్తి వేతనం రావలసి ఉందా, సగం రావలసి ఉందా అన్నది ఆధారపడి ఉంటుంది. వార్తలలోను, ఫిర్యాదులలోను ఈ భేదం తరచు మరుగున పడుతున్నది.

రాజీనామా చేసిన ఉద్యోగిని నోటీసు గడువు ముగిసే వరకు పూర్తి జీతంపై ఇంటివద్దనే ఉంచడాన్ని ‘గార్డెన్ లీవ్’ అంటారు. పేరులో సెలవు ఉన్నప్పటికీ అది ఉద్యోగి కోరిన సెలవు కాదు. సంస్థ రహస్యాలు, ఖాతాదారులు ప్రత్యర్థి సంస్థకు చేరకుండా చూడడమే దాని ఉద్దేశం. గడువు తీరే వరకు అతడు ఉద్యోగియే కనుక వేరొకచోట చేరజాలడు.

జీతం ఇస్తే సరిపోతుందా, పని కూడా ఇవ్వాలా అన్న ప్రశ్న ఈ పద్ధతికి పుట్టినిల్లయిన బ్రిటన్‌లోనే తలెత్తింది. వంటమనిషికి జీతం సక్రమంగా ఇస్తున్నంత కాలం యజమాని బయట భోజనం చేసినా ఆమెకు ఫిర్యాదు ఉండదని 1940లో అక్కడి న్యాయమూర్తి ఒకరు అభిప్రాయపడ్డారు. వంటమనిషి చేతివాటం మొద్దుబారుతుందన్న సంగతి ఆ పోలికలో లేదు. నైపుణ్యం నిలవాలంటే పని చేస్తూ ఉండవలసిన ఉద్యోగిని, ఒప్పందంలో స్పష్టమైన షరతు లేకుండా ఖాళీగా కూర్చోబెట్టరాదని 1998లో విలియం హిల్ సంస్థ కేసులో అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది.

మన దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ వృత్తిని నిరోధించే ఒప్పందాలను చెల్లనివిగా పేర్కొంటున్నది. ఉద్యోగంలో ఉన్నంత కాలం వర్తించే ఆంక్షలను న్యాయస్థానాలు సాధారణంగా అంగీకరించినా, ఉద్యోగం విడిచిన తరువాతి ఆంక్షలను అంగీకరించడం లేదు. వి.ఎఫ్.ఎస్. గ్లోబల్ సంస్థ కేసులో, రాజీనామా అనంతరం మూడు నెలల గార్డెన్ లీవ్ విధించే షరతు ఈ సెక్షన్‌కు విరుద్ధమని బొంబాయి హైకోర్టు 2007లో ప్రాథమికంగా అభిప్రాయపడింది.

లే ఆఫ్ సంగతి వేరు. ముడిసరుకు, విద్యుత్తు వంటివి కొరవడి యాజమాన్యం పని చూపలేని స్థితి అది. మస్టరు రోలులో పేరుండి, ఏడాది సర్వీసు పూర్తయిన కార్మికునికి మూలవేతనం, కరవు భత్యం మొత్తంలో సగం పరిహారంగా లభిస్తుంది. యాభై మందికి తక్కువ పనిచేసే సంస్థలకు ఈ నిబంధన వర్తించదు. ఇదే జిల్లాలోని మంగపేట మండలం కమలాపురంలో రేయాన్ గుజ్జు కర్మాగారం 2014లో ఉత్పత్తి నిలిపివేసినపుడు, పని చేయడానికి సిద్ధంగా ఉన్న కార్మికులు వేతన బకాయిల కోసం సంవత్సరాల తరబడి ఆందోళన చేయవలసి వచ్చింది. అటువంటి సందర్భాలకు ‘సెలవు’ అనే మాట వాడడం సరికాదు.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం కర్మాగారాలు, గనులు, తోటలలో లే ఆఫ్, ఉద్యోగుల తొలగింపు, మూసివేతలకు ప్రభుత్వ ముందస్తు అనుమతి అవసరమయ్యే పరిమితి 300 మంది కార్మికులు. పాత చట్టంలో ఇది 100 మంది. ఆ మేరకు మధ్యతరహా కర్మాగారాల కార్మికులకు ఈ రక్షణ తగ్గినట్లే.

రామప్ప దేవాలయానికి 2021 జులై 25న ప్రపంచ వారసత్వ హోదా లభించిన పాలంపేటలో యాత్రికులకు సేవలందించే హోటళ్లు, దుకాణాల సిబ్బందికి గార్డెన్ లీవ్ బహుశా ఎన్నడూ ఎదురు కాదు. వారికి వర్తించేది 1988 నాటి తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం. ఆరు నెలలు ఎడతెగక పనిచేసిన వారిని సహేతుక కారణం లేకుండా తొలగించరాదని, కనీసం ఒక నెల ముందు లిఖితపూర్వక నోటీసు గాని, దానికి బదులు వేతనం గాని ఇవ్వాలని 47వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. విచారణలో దుష్ప్రవర్తన రుజువైతే నోటీసు అవసరం లేదు. నోటి మాటతో పంపివేస్తే తొలగించిన తేదీయే వివాదమవుతుంది. కనుక ఫిర్యాదు స్వీకరించే అధికారులు మొదట హాజరు పట్టీని, చివరి వేతన చెల్లింపును పరిశీలించడం ప్రయోజనకరం.

రాజీనామా చేసినా, తొలగించబడినా రావలసిన వేతనాన్ని రెండు పనిదినాలలోగా చెల్లించాలని వేతనాల కోడ్ 17వ సెక్షన్ ఆదేశిస్తున్నది.