గోధుమ పడని చిన్నప్రేగు

చిన్నప్రేగు లోపలి పొరపై ముఖమలు నూగువలె సూక్ష్మమైన చూషకములు కలవు. అన్నసారమును రక్తములోనికి చేర్చునవి ఇవియే. సీలియాక్ వ్యాధిగలవారికి గోధుమ, బార్లీలలోని గ్లూటెన్ అను మాంసకృత్తు సరిపడక ఇవి చదునగును. బిడ్డ తినుచునే చిక్కిపోవును. ఇనుము మాత్రలు మింగినను రక్తహీనత తీరదు.

1944-45 చలికాలమున హాలెండులో రొట్టె కరవైనప్పుడు ఇట్టి బిడ్డలు కోలుకొనిరి. గోధుమయే హానికరమని డికే అను వైద్యుడు 1950లో వెల్లడించెను.

రక్తపరీక్షకు ముందే గోధుమ మానరాదు. మానినచో వ్యాధి బయటపడకపోవచ్చును. పిదప ఎండోస్కోపుతో ప్రేగుపొర తునక తీసి చూతురు. దీనికి మందు లేదు, జీవితాంతము పథ్యమే చికిత్స. వరి, జొన్న, రాగి, సజ్జ తినవచ్చును. గోధుమ విసరు మరలో మాత్రము పట్టింపరాదు. రవ్వ, సేమ్యా మానుట ఎవరికైనను తోచును గాని, అంగడి ఇంగువలో తరచు గోధుమపిండి కలియునని పెక్కుమందికి తెలియదు.