పాత తుపాకి: బాగుచేయుటయా, భద్రపరచుటయా?

పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రా పేరు వహించిన వికారాబాదులోగాని, పొరుగున తాండూరులోగాని, ఒక పాత ఇంట తాతలనాటి నాటుతుపాకి బయటపడినదనుకొందము. దానిని తోమి, బాగుచేసి, మరల పేల్చి చూడవలెనను ఉత్సాహము మనకు సహజమే. కాని ముందుగా గొట్టము సంగతి తెలిసికొనవలెను.

సురేకారము, గంధకము, బొగ్గు కలిసిన మందు కాలగా మిగిలిన మసి గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినివేయును. పైకి నునుపుగా కనిపించు గొట్టము లోపల గుంటలుపడి పలుచబడియుండవచ్చును; కాచి అతికిన అతుకులు వదలియుండవచ్చును. అందు నేటి పొగలేని మందు నింపినచో గొట్టము పగిలి, పేల్చువానికే ముప్పు తెచ్చును.

ఇక ఆకురాయి పట్టినచో వెండి బంగారు నగిషీలును, పనివాని గుర్తులును పోవును. పోయినవి మరల రావు. చట్టము మాటయు కలదు. 1959 నాటి ఆయుధచట్టము మరమ్మతు చేసినను పేలని పాత ఆయుధమునే విడిచిపెట్టినది. పేలగలదానికి అనుమతి వలయును.

కావున మనము మొదట పోలీసువారికి తెలిపి, లోపల మందు దట్టించియున్నదేమో తెలిసినవారిచే చూపింపవలెను. ఎన్నేండ్ల మందైనను పేలవచ్చును. పిదప పొడిచోట నుంచి, పలుచని మైనపు పూత పూయించిన చాలును. హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియములోని ఆయుధములు పేలకయే తమ కాలపు కథ చెప్పుచున్నవి కదా!