తుఫాను బులెటిన్‌లో ఏడో తరగతి లెక్కలు

బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే బడిపిల్లలు అడిగే మొదటి ప్రశ్న: రేపు సెలవిస్తారా? తప్పేం లేదు, మనమూ అడిగినవాళ్లమే. విపత్తులు వాళ్లకు సాంఘికశాస్త్రంలో ఒక పాఠం. నిర్వచనం, కారణాలు, జాగ్రత్తలు బట్టీపట్టి రాస్తే మార్కులు పడతాయి. నన్నడిగితే ఆ పాఠాన్ని లెక్కల మాస్టారికి అప్పగించాలి. బులెటిన్‌లో వచ్చే అంకెలను విప్పడానికి ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా నేర్చే లెక్కలు చాలు.

ముందు వాన సంగతి. వానను మిల్లీమీటర్లలో ఎందుకు కొలుస్తారన్న దగ్గరే పిల్లలకు చిక్కొస్తుంది. వెడల్పాటి బకెట్లో ఎక్కువ నీళ్లు పడతాయి, సన్న గ్లాసులో తక్కువ పడతాయి, మరి ఏది సరైన లెక్క? నిలువు గోడలున్న గిన్నెలు రెండు పక్కపక్కన పెట్టి, వాన వెలిశాక స్కేలుతో కొలవమనండి. నీళ్లలో తేడా ఉన్నా ఎత్తు ఒక్కటే. ఇక ప్లాస్టిక్ సీసా మెడ కోసి, తలకిందులు చేసి దానిలోనే బిగిస్తే బడికి వర్షమాపకం వచ్చేసినట్టే. ఎగుడుదిగుడు అడుగు మునిగేదాకా ముందే నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత గీయడం మాత్రం మరవొద్దు.

చదరపు మీటరు నేల మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. ఈ ఒక్క వాక్యం చేతిలో ఉంటే మిగతాదంతా గుణకారం. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మి.మీ. నుంచి భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. 100 చదరపు మీటర్ల డాబా మీద 205 మి.మీ. పడితే 20,500 లీటర్లు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మి.మీ. కురిసింది. అదే డాబాకు ఇప్పుడు 13 ట్యాంకర్లు. అది ఒక్క ఇంటి కప్పు మీది నీళ్లే. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి వచ్చిన వరద 11.43 లక్షల క్యూసెక్కులు. క్యూసెక్కంటే సెకనుకు 28.3 లీటర్లు. ఎన్ని ట్యాంకర్లో పిల్లల చేతే కట్టించండి. సెకనుకు 6,400 పైమాటే.

గాలి లెక్క వేరు. వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది, మూడింతలైతే తొమ్మిదింతలు. వర్గాలు దేనికి పనికొస్తాయని అడిగే కుర్రాడికి జవాబిదే. గంటకు 62 కి.మీ. నుంచి తుఫాను అంటారు. దాదాపు ఆ వేగంతో గాలి ఎదురుగా కొడితే రెండు చదరపు మీటర్ల తలుపు మీద పడేది సుమారు 35 కిలోల బరువంత ఒత్తిడి. ఇద్దరు పిల్లలు భుజం ఆనిస్తే ఆగుతుంది. 180 కి.మీ. అయితే 310 కిలోలు, పెద్దవాళ్ల వల్లా కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊపేసింది ఇంచుమించు ఆ వేగంతోనే. తుఫాను కన్ను నెత్తిమీదుగా పోతున్నప్పుడు గాలి ఒక్కసారిగా పడిపోతుంది. తగ్గిపోయిందనుకుని బయటికొస్తే, కాసేపటికి వెనుక నుంచి, అంటే ఎదురు దిశలో, మళ్లీ మొదలవుతుంది.

మన తీరంలో ఎక్కువ ప్రాణాలు తీసింది మాత్రం గాలి కాదు, ఉప్పెన. గాలి పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే సముద్రం దాదాపు ఒక సెంటీమీటరు లేస్తుంది. మామూలు పీడనం 1,013. పెద్ద తుఫాను నడిమధ్యలో అది 70 దాకా తగ్గిందనుకున్నా నీరు లేచేది 70 సెంటీమీటర్లే. మరి 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెన ఎత్తు సుమారు 5 మీటర్లు. మిగిలిన నాలుగు మీటర్ల పైచిలుకు ఎక్కడిది? లోతు తక్కువైన తీరం మీదికి గాలి తోసుకొచ్చిన నీరది. కిందికి పోయే దారి లేక గట్టెక్కింది. ఆ తుఫానులో దాదాపు పది వేల మంది పోయారు.

తుఫానుకు పేరుంటుంది, టీవీలో మ్యాపు ఉంటుంది. పిడుగుకు అవేమీ ఉండవు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో ప్రకృతి వైపరీత్యాలకు బలైనవాళ్లు 8,060 మంది, వాళ్లలో 2,887 మంది పిడుగుపాటుకే. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 లెక్కపెట్టే లోపే ఉరిమిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉందన్నమాట. చెట్టు కిందికి కాదు, పక్కా ఇంట్లోకి పోవాలి. చివరి ఉరుము తర్వాత మరో 30 నిమిషాలు బయటికి రాకూడదు. ఆట మధ్యలో ఉన్న పిల్లలు అరగంట ఆగడం అయ్యే పని కాదు కాబట్టి, గడియారం చూసే బాధ్యత అంపైర్‌దేనని టాస్ వేసేటప్పుడే ఒప్పించాలి.