ఒంటరి కణానికి రంగు తెలియదు

అంతకుముందు ఎవరూ చూడని రంగును ఐదుగురు మనుషులు చూశారని 2025 ఏప్రిల్‌లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రకటించింది. ఆ రంగు పేరు ‘ఓలో’. నీలిపచ్చే, కానీ ప్రకృతిలో దొరకనంత చిక్కనిది. కొత్త రంగని పత్రికలు సంబరపడ్డాయి. కొందరు శాస్త్రజ్ఞులు మాత్రం కొత్తదేం కాదు, మరింత గాఢమైన పచ్చే అన్నారు. నన్ను కట్టిపడేసింది ఆ తగవు కాదు, వాళ్లు వాడిన లేజర్. దాని తరంగదైర్ఘ్యం 543 నానోమీటర్లు. మామూలుగా కంట్లో పడితే ఆకుపచ్చ. అదే కాంతి ఎంచిన కణాల మీద మాత్రమే పడితే ఓలో. కాంతి మారలేదు, రంగు మారింది!

రెటీనాలో సుమారు 12 కోట్ల దండ కణాలు, 60 లక్షల శంకు కణాలు ఉంటాయి. మసక వెలుతురుకు దండాలు, పగటికి శంకువులు. శంకువులు మూడు రకాలు: పొట్టి, మధ్య, పొడవు తరంగాలకు ఎక్కువ స్పందించేవి. ఇది అందరూ చదువుకున్నదే. అయితే చాలా పుస్తకాల్లో వాటిని నీలి, పచ్చ, ఎర్ర శంకువులంటూ రంగులద్ది మరీ చూపిస్తారు. ఆ పేర్లు తీసేయాలి. ‘ఎర్ర’ శంకువు అత్యధికంగా స్పందించేది 560 నానోమీటర్ల దగ్గర. అది పసుపు కలిసిన పచ్చ!

అసలు ఏ శంకువుకూ రంగు తెలియదు. ఫోటాన్‌ను పీల్చుకోగానే అందులోని వర్ణక అణువులో వంగి ఉన్న రెటినాల్ అనే భాగం నిటారుగా సాగుతుంది. వచ్చిన ఫోటాన్ ఏ తరంగదైర్ఘ్యానిదైనా ఆ సాగడం ఒకటే. తరంగదైర్ఘ్యాన్ని బట్టి మారేది దాన్ని పీల్చుకునే అవకాశం మాత్రమే. సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపే మనిషి ఎంతమంది లోపలికి వెళ్లారో చెప్పగలడు, ఎవరు ఏ ఊరివాళ్లో చెప్పలేడు. శంకువు సంగతీ అంతే. మసక పచ్చ కాంతి, ప్రకాశవంతమైన ఎర్ర కాంతి దాని దగ్గర ఒకే లెక్క తేల్చగలవు. 1972లో విలియం రష్టన్ ఈ సూత్రాన్ని స్పష్టంగా చెప్పాడు. వెన్నెల్లో మందారం నల్లగా కనిపించేది ఇందుకే. అప్పుడు పనిచేసేవి దండాలే. అవి ఒకే రకం, పైగా ఎరుపును దాదాపు పట్టించుకోవు.

మరి రంగు ఎక్కడ పుడుతుంది? తేడా చూడటంలో! శంకువుల వెనకున్న కణాలు పొడవు లెక్కలోంచి మధ్య లెక్కను తీసేస్తాయి. ఆ రెండూ కలిపిన మొత్తాన్ని పొట్టి లెక్కతో పోలుస్తాయి. మెదడుకు చేరేవి ఈ తేడాలే. మీ ఫోన్ తెర మీద పసుపుగా మెరిసే చోట పసుపు కాంతిని ఇచ్చే దీపమే లేదు. ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు కలిసి అసలు పసుపు ఇచ్చే లెక్కలనే ఇస్తాయి. కంటికి తేడా తెలిసే దారే లేదు.

మధ్య శంకువు స్పందించే తరంగాలన్నిటికీ పక్కవాటిలో ఏదో ఒకటి కూడా స్పందిస్తుంది. కాబట్టి మధ్యది ఒక్కటే పలకడం ప్రకృతిలో జరగదు. బర్క్‌లీ బృందం చేసింది సరిగ్గా అదే. వారిలో ఒకరైన ఆస్టిన్ రూర్డా, డేవిడ్ విలియమ్స్‌తో కలిసి 1999లోనే బతికున్న మనిషి కంట్లో ఏ శంకువు ఏ రకమో పటం గీశాడు. ఇప్పుడు అలాంటి పటం చూసుకుంటూ, క్షణం కుదురుగా ఉండని కంటిని వెంటాడుతూ, మధ్య శంకువుల మీదే లేజర్ వేశారు.

ఆ మధ్య శంకువే లేని మనిషి జాన్ డాల్టన్, పరమాణు సిద్ధాంతం చెప్పినాయన. గులాబీ రంగు జెరానియం పువ్వు పగలు ఆయనకు ఆకాశ నీలంగా, కొవ్వొత్తి వెలుగులో ఎర్రగా కనిపించేది. తన కంటిలోపలి ద్రవం నీలంగా ఉందని, అందుకే ఇలా జరుగుతోందని 1794లో తేల్చి, చనిపోయాక కళ్లు కోసి చూడమన్నాడు. 1844లో కోసి చూశారు. ద్రవం స్వచ్ఛంగా ఉంది. దాచి ఉంచిన ఆ కంటి డీఎన్‌ఏను 1995లో పరీక్షిస్తే మధ్య శంకువు వర్ణకానికి జన్యువే లేదని తేలింది. ఆయన వెతకాల్సింది ద్రవంలో కాదు, లెక్కలో.

2009లో జే నైట్జ్, మోరీన్ నైట్జ్ బృందం ఎరుపు, పచ్చ తేడా తెలియని పెద్ద వయసు స్క్విరల్ కోతుల రెటీనాలోకి లేని వర్ణకపు జన్యువును ఎక్కించింది. కొన్ని నెలలకు అవి ఆ తేడా పట్టేశాయి. పుట్టినప్పటినుంచీ లేని లెక్క ఒకటి కొత్తగా అందితే, దాన్ని వాడుకోవడం ఆ ముదురు మెదళ్లకు చేతనయింది!

ఓలో చూపించే టీవీలు ఎప్పుడొస్తాయని అప్పుడే అడిగేస్తున్నారు. ఒక్కో మనిషి శంకువులకు విడివిడిగా పటం గీసి, చూపు ఒకేచోట నిలిపితే, చాచిన చేతి చిటికెనవేలి గోరంత మేర కనిపించే రంగు అది. వర్ణాంధత ఉన్నవాళ్లకు మూడో లెక్కను ఇలా లేజర్‌తో అందించి చూడాలని ఆ బృందం అనుకుంటోంది. అడగాల్సింది దాని గురించి.