నలభై నిమిషాలే మాకు!

సినిమా పాట కాదు. పేరున్న హీరో ఎవరూ రారు. పాడేవాళ్లలో సగం మంది ముఖాలు ఎవరికీ తెలియవు. అయినా ముంబైలో వేలమంది కుర్రాళ్లు ఆగస్టు వానను కూడా లెక్కచేయకుండా ఆరుబయట నిలబడి వినేవారు. 1986లో మొదలైన 'ఇండిపెండెన్స్ రాక్' సంగతిది. అభిమానులు ముద్దుగా 'ఐ-రాక్' అని పిలుచుకునేవారు. స్వాతంత్య్ర దినోత్సవం చుట్టుపక్కల జరిగేది కాబట్టి ఆ పేరు పెట్టారని అనుకోవచ్చు. ఎవరి అండా లేని బ్యాండ్ల పండగ కాబట్టి అని కూడా అనుకోవచ్చు. రెండూ సరిపోతాయి.

ఒక్క బ్యాండు కోసం జనం వచ్చే కచేరీ కాదది. ఒకదాని తర్వాత ఒకటి వరసపెట్టి బ్యాండ్లు వాయిస్తూనే ఉంటాయి. మన నాటక పరిషత్తు పోటీలు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఒకటే స్టేజీ, అవే లైట్లు, అవే మైకులు. తెర పడగానే ఒక సమాజం దిగుతుంది, ఇంకో సమాజం ఎక్కుతుంది. టైము దాటితే గంట కొడతారు. నాటకాల బదులు గిటార్లు పెట్టండి... అంతే తేడా!

సిగరెట్ కంపెనీ పుణ్యమా అని...

నిజానికి ఈ ముచ్చట ఐ-రాక్ కన్నా పాతది. ఇంగ్లండు నుంచి బీటిల్స్ గాలి వీచిన రోజుల్లోనే కలకత్తా, బొంబాయి, మద్రాసు, బెంగళూరు, షిల్లాంగుల్లో కాలేజీ కుర్రాళ్లు గిటార్లు పట్టారు. వీళ్లందరినీ ఒకచోటికి చేర్చింది... సిగరెట్! 'సిమ్లా' బ్రాండు సిగరెట్ల ప్రచారం కోసం కంపెనీ 'సిమ్లా బీట్' పోటీలు పెట్టింది. గెలిచిన బ్యాండ్ల పాటలతో 1970లో ఒకటి, 1971లో ఒకటి గ్రామఫోను రికార్డులు వచ్చాయి. ఎక్కడో షిల్లాంగు నుంచి వచ్చిన 'ఫెంటోన్స్' పాట కూడా వాటిలో ఉంది. ఈ రోజుల్లో పొగాకు కంపెనీ ఇలా పిల్లల్ని పోగేస్తే ఊరుకుంటామా? కానీ ఆ రెండు రికార్డులే లేకపోతే, ఆనాటి కుర్రాళ్లు ఎలా వాయించేవారో మనకు తెలిసేదే కాదు. పాత రికార్డులు సేకరించేవాళ్లు వాటికోసం ఇప్పటికీ వెతుకుతుంటారు.

పక్కనే కాలేజీ, పైన ఆకాశం

ఐ-రాక్‌కు పేరు తెచ్చింది రంగ్ భవన్. దక్షిణ ముంబైలోని ధోబీ తలావ్‌లో, సెయింట్ జేవియర్స్ కాలేజీ పక్కన ఉన్న ఆరుబయలు రంగస్థలం. 1978లో మొదటి 'జాజ్ యాత్ర' జరిగిందీ అక్కడే. పైకప్పు లేదు, వానొస్తే తడవాల్సిందే. ఫర్హాద్ వాడియా అనే సంగీత ప్రియుడు ఈ పండగను నడిపించాడు. ఆయనకూ ఒక బ్యాండు ఉండేది, పేరు 'మిరాజ్'.

అప్పట్లో బ్యాండంటే విదేశీ పాటల్ని అచ్చు దించేయడమే. ఎంత బాగా దించితే అంత గొప్ప! 'ఇది నేను రాసిన పాట' అని ఎవరైనా మొదలుపెడితే జనంలోంచి కేకలు... 'తెలిసిన పాట పాడండి' అని. ఈ మెట్టు దాటడమే ఆ తరం బ్యాండ్లకు అసలు పరీక్ష. 1984లో ముంబైలో పుట్టిన 'రాక్ మెషీన్' ఆ సాహసం చేసింది. 1988లో సొంత పాటలతో ఆల్బం తెచ్చింది. 1993లో 'ఇండస్ క్రీడ్' అని పేరు మార్చుకుంది.

ఇదే పట్టుదల ఉత్తరాదిన ఇంకో రూపంలో కనిపించింది. 1993లో అలహాబాద్ నుంచి అమిత్ సైగల్ 'రాక్ స్ట్రీట్ జర్నల్' అనే పత్రిక ప్రారంభించాడు. ఢిల్లీ కాదు, ముంబై కాదు... అలహాబాద్! ఆ పత్రికే తర్వాత 'గ్రేట్ ఇండియన్ రాక్' పేరిట బ్యాండ్ల పోటీలు, కచేరీలు పెట్టింది. సొంత పాటలకు పెద్దపీట వేసింది. వాటిని క్యాసెట్లుగా, సీడీలుగా కూడా తెచ్చింది. సైగల్ 2012లో గోవాలో చనిపోయినప్పుడు దేశంలోని రాక్ బ్యాండ్లన్నీ ఇంటి పెద్దను పోగొట్టుకున్నట్టు బాధపడ్డాయి.

ఒకే వేదికను పంచుకోవడంలో లాభం ఇక్కడే ఉంది. 'పరిక్రమ' కోసం వచ్చిన కుర్రాడు దానికన్నా ముందు వాయించే నాలుగు బ్యాండ్లనూ వినక తప్పదు. అందులో ఒకటి నచ్చుతుంది. మర్నాడు కాలేజీలో ఆ పేరు పదిమందికి చెబుతాడు. పోస్టర్లకు డబ్బుల్లేని బ్యాండుకు అంతకన్నా ప్రచారం ఏముంటుంది?

పేర్ల సంగతీ చెప్పుకోవాలి. బెంగళూరు బ్యాండు 'థర్మల్ అండ్ ఎ క్వార్టర్' పేరు వింటే కరెంటు కేంద్రం గుర్తొస్తుంది. కానీ అసలు లెక్క వేరు. మొదట్లో బృందంలో ముగ్గురు నికార్సైన మలయాళీలట, ఇంకొకరు పావు మలయాళీ!

డ్రమ్స్ ఒక్కటే... వాయించేది అందరూ

ప్రేక్షకులకు కనిపించేది పాట. కనిపించనిది దానికి ముందు జరిగే హడావుడి. ఒక్కో బ్యాండు తన డ్రమ్ముల సెట్టు తెచ్చుకుని బిగించుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అందుకే పెద్ద డ్రమ్ములు, గిటార్ల స్పీకర్లు అందరికీ కలిపి ఒక్కటే పెడతారు. డ్రమ్మర్ చేతిలో తన స్నేర్ డ్రమ్ము, తాళాలు, పెడల్ మాత్రం తెచ్చుకుంటాడు. పొడుగాటి మనిషి దిగి పొట్టి మనిషి ఎక్కితే స్టూలు ఎత్తు దగ్గర్నుంచీ మార్చాలి. అన్నిటికీ కలిపి దొరికేది పదిహేను, ఇరవై నిమిషాలు.

సౌండ్ చెక్ సాధారణంగా తలకిందులుగా చేస్తారు. అందరికన్నా చివర వాయించే బ్యాండు మొదట సరిచూసుకుంటుంది. మొదట వాయించాల్సినవాళ్లు ఆఖరున చూసుకుంటారు. ఎందుకంటే, వాళ్లు అమర్చుకున్నది కదపకుండా కచేరీ అక్కణ్నుంచే మొదలుపెట్టొచ్చు. వినడానికి బాగానే ఉంది కానీ పెద్ద బ్యాండు తీరిగ్గా గంటన్నర చూసుకుంటే, చిన్న బ్యాండుకు మిగిలేది ఐదు నిమిషాలే. 'మైకు పనిచేస్తోందా? సరే, కానివ్వండి!'

మొదటి బ్యాండు కష్టాలు ఇంకా ఉన్నాయి. ఎండ తగ్గదు, లైట్లు వెలగవు, జనం గేటు దగ్గరే ఉంటారు. అరగంటో నలభై నిమిషాలో ఇస్తారు. తీగ తెగిందంటే అందులో ఐదు నిమిషాలు పోయినట్టే. అప్పుడు రెక్కల చాటునుంచి పోటీ బ్యాండు కుర్రాడే తన గిటారు అందిస్తాడు. చాలా బ్యాండ్ల మధ్య స్నేహాలు అలా మొదలైనవే. దారి ఖర్చులు వస్తే గొప్ప, మిగతాది చేతిచమురు. పగలు ఉద్యోగం, రాత్రి సాధన... ఇప్పటికీ చాలామందిది అదే బతుకు.

రాత్రి పదయితే...

2000లో కేంద్రం శబ్దకాలుష్య నియమాలు తెచ్చింది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట మైకులు బంద్. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలుంది. రంగ్ భవన్‌కు ఒకవైపు కాలేజీ, చుట్టుపక్కల పెద్దాసుపత్రులు. ఆ దశకం మొదట్లోనే అక్కడ రాక్ కచేరీలకు తెరపడింది. రోగుల నిద్రను కాదనలేం, నిజమే. కానీ కాలేజీ కుర్రాడి జేబుకు అందుబాటులో ఉండే అలాంటి చోటు ఊరి నడిబొడ్డున మళ్లీ దొరకలేదు. ఐ-రాక్ వేరే మైదానాలకు మారింది. 2013 తర్వాత ఆగిపోయింది. తొమ్మిదేళ్ల తర్వాత, 2022 నవంబరులో ముంబైలోనే మళ్లీ జరిగింది.

ఈలోగా 2010లో పుణెలో 'ఎన్‌హెచ్7 వీకెండర్' మొదలైంది. ఒకే మైదానంలో నాలుగైదు స్టేజీలు. ఇక్కడ నచ్చకపోతే అక్కడికి నడిచి వెళ్లొచ్చు. సౌకర్యమే! కాకపోతే తెలియని బ్యాండును కాసేపు ఓపికపట్టి వినాల్సిన అవసరం శ్రోతకు తప్పిపోయింది.

మరి మనవాళ్లో?

తెలుగునాట పాటంటే సినిమానే. బ్యాండంటే పెళ్లి ఊరేగింపే. రాక్ బ్యాండ్ల మోత చాలామంది మన పిల్లలకు పరిచయమైంది కాలేజీ ఉత్సవాల్లోనే. ఐఐటీ బొంబాయి 'మూడ్ ఇండిగో'లో జరిగే 'లైవ్‌వైర్' బ్యాండ్ల పోటీ అలాంటి వాటిలో పేరున్నది. చదువుకు పంపితే గిటారు పట్టుకొచ్చాడని తలపట్టుకున్న తండ్రులు మన దగ్గరా లేకపోలేదు.

హైదరాబాద్‌లో 'చౌరస్తా' బృందం ఇంకో దారి తొక్కింది. విదేశీ గిటారు మీద మన పల్లె మాటల్ని ఎక్కించింది. 2020లో కరోనా మీద వాళ్లు చేసిన పాట ఫోన్లలో ఇంటింటికీ చేరింది. ఆ పాట పాడిన రామ్ మిర్యాల తర్వాత సినిమాల్లో బిజీ అయ్యాడు. ఆ పాటతో చాలామందికి చేరిన గొంతు అది. ఇలాంటివాళ్లు ఇంకా ఎందరున్నారో తెలియాలంటే, నాలుగైదు తెలుగు బ్యాండ్లు ఒకే సాయంత్రం ఒకే స్టేజీ ఎక్కాలి. టిక్కెట్టు సినిమా టిక్కెట్టంతే ఉండాలి. మైకులు పదింటికల్లా కట్టేసినా ఫరవాలేదు... సాయంత్రం నాలుగింటికే మొదలుపెడితే తలా నలభై నిమిషాలు వస్తాయి.