నిప్పుబుగ్గ

బుగ్గ యనగా నేలనుండి ఉబికివచ్చు నీటి ఊట. మన కాశిబుగ్గ పేరులోనే ఆ మాట యున్నది. నీటికి బదులు కరగిన రాయి ఉబికినచో దానిని అగ్నిపర్వతమందుము. భారతదేశమున నేడు సజీవముగ నున్న అట్టి నిప్పుబుగ్గ ఒక్కటియే. అది బారన్ ద్వీపము. తెలుగువారు పెక్కుమంది స్థిరపడిన అండమానులలో, 2024లో శ్రీ విజయపురముగా పేరు మారిన పోర్ట్ బ్లెయిరునకు ఈశాన్యమున, సుమారు 140 కిలోమీటర్ల దూరమున నున్నది.

నీటిపై గానవచ్చు దీని ఎత్తు సుమారు 350 మీటర్లే. 2 కిలోమీటర్లకు పైబడిన భాగము సముద్రమున మునిగియున్నది. ఇచ్చట భారత ఫలకము బర్మా ఫలకము క్రిందికి చొచ్చుకొనిపోవుచున్నది. దానితో లోనికి పోయిన నీరు మిక్కిలి లోతున రాతిని సులభముగ కరగజేయును. ఆ ద్రవమే పైకి దారి చేసికొనుచున్నది.

1787లో దీని విజృంభణము నమోదైనది. 1803–04లో మరల మండెను. పిదప 150 ఏండ్లకు మించి చల్లగ నుండుటచే, ఇక ఆరిపోయినదనుకొనుట సహజమే. కాని 1991 మార్చిలో అది మేల్కొని, నెలలకొలది లావాను గ్రక్కెను. 1994–95లోను, 2005లోను మరల చెలరేగెను. 2017 జనవరిలో గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థవారు ఓడనుండి పగలు బూడిద మేఘములను, రాత్రి ఎఱ్ఱని లావాను కనులార చూచిరి.

ద్వీపము నిర్జనము. అయినను ఎగసిన బూడిద విమానయంత్రములను ఆపివేయగలదు గాన దానిపై నిఘా అవసరము.

వరంగల్లు క్రింద అట్టి భయము లేదు. ఇచ్చటి గ్రానైటు సుమారు 250 కోట్ల ఏండ్లనాడే చల్లారినది. మన వేయిస్తంభముల గుడిలోని నల్లరాయియు ఒకప్పటి శిలాద్రవమే. కాని అగ్నిపర్వతమునకు నూరేండ్ల మౌనము మరణము గాదు. 1991 నేర్పిన పాఠమిదియే.