రాత లేని తీగల్లో ప్రైమరీ ఏది?

సిద్దిపేటలో మా వాడకట్టు మైకు సెట్టు బతుకమ్మకు నాలుగు రోజుల ముందు మూగబోయింది. విప్పి చూస్తే ఆంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోయి ఉంది. పాత సామాన్లలో అదే సైజుది ఇంకొకటి దొరికింది. ఐదు తీగలు, దేని మీదా రాత లేదు, రంగులూ వెలిసిపోయాయి. ఇంటి 230 వోల్టులు ఇవ్వాల్సిన చుట్టు, అంటే ప్రైమరీ, ఏ తీగలది?

ఊహించి ప్లగ్గు పెట్టకూడదు. 12 వోల్టుల చుట్టుకు ఇంటి కరెంటు తగిలితే అది మాడిపోతుంది. అవతలి చుట్టు కొసల్లో ప్రాణం తీసేంత వోల్టేజి పుడుతుంది.

మల్టీమీటరును 200 ఓమ్‌ల మీద పెట్టాను. ముందు దాని రెండు ముళ్లను ఒకదానికొకటి తాకించాను. 0.3 చూపించింది. అది మీటరు తీగలది, ప్రతి కొలతలోంచీ తీసేయాలి. తీసేశాక రెండు తీగల మధ్య 38 ఓమ్‌లు వచ్చాయి. మిగతా మూడింటిలో ఒకదాని నుంచి తక్కిన రెండింటికీ 0.4 చొప్పున, ఆ రెండింటి మధ్య 0.8. అంటే ఆ ఒక్కటీ నడిమి తీగ, మూడూ కలిసి సెకండరీ, అంటే తక్కువ వోల్టులిచ్చే చుట్టు. సన్న తీగతో వందల చుట్లు చుట్టిన ప్రైమరీ, ఆ 38 ఓమ్‌లది.

"38 ఓమ్‌లకు 230 వోల్టులిస్తే 6 ఆంపియర్లు పారాలి గదా, కాలిపోదా తాతా?" అన్నాడు మా మనుమడు. ఎంత మంచి ప్రశ్న! బ్యాటరీ ఇచ్చేలాంటి కరెంటైతే నిజంగానే కాలిపోతుంది. ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దానితోపాటు చుట్ల నడుమ ఉన్న ఇనుప రేకుల్లోని అయస్కాంత క్షేత్రమూ ఊగి, అదే చుట్టులో ఎదురు వోల్టేజిని పుట్టిస్తుంది. మారే అయస్కాంత క్షేత్రం కరెంటును పుట్టిస్తుందని శాస్త్రవేత్త ఫారడే 1831లో చూపించింది ఇదే. అందుకే సెకండరీకి ఏమీ తగిలించనప్పుడు ప్రైమరీ లాగే కరెంటు చాలా కొద్ది.

లెక్క సరిచూసేందుకు సెకండరీ కొసలు మూడింటికీ విడివిడిగా టేపు చుట్టి, ప్రైమరీకి 60 వాట్ల తంతి బల్బు సిరీస్‌లో కలిపి స్విచ్ వేశాను. బల్బు వెలగలేదు, మా లెక్క సరైనదే. భగ్గున వెలిగితే తప్పు చుట్టన్నా కావాలి, లోపల షార్టన్నా ఉండాలి. 115 వోల్టుల ప్రైమరీలు రెండుండి, వాటిని తలకిందులుగా కలిపినా ఇలాగే వెలుగుతుంది.

ఈ పరీక్షకు ఎల్ఈడీ పనికిరాదు. పాత తంతి బల్బు ఇంట్లో ఉంటే పారేయకండి. పిల్లలూ, పెద్దవాళ్లు పక్కన లేకుండా మాత్రం స్విచ్ ముట్టుకోకండి.